మూడు వయసుల పిల్లలతో సింగపూర్: ఏ పని ముందు, ఏ పని తర్వాత

కిందటి వేసవిలో మేం ఆరుగురం హైదరాబాద్ నుంచి సింగపూర్ వెళ్ళొచ్చాం. పద్నాలుగేళ్ళ పెద్దమ్మాయి, ఎనిమిదేళ్ళ నడిపివాడు, ఇరవై నెలల చిన్నది, మేమిద్దరం, మా అత్తయ్య. వచ్చినప్పటి నుంచి చుట్టాలూ, అపార్ట్‌మెంట్‌లోవాళ్ళూ అడుగుతున్నది ఒకటే: "చంటిదాంతో ఎలా తిరిగారమ్మా?" అని. అందరికీ ఫోన్‌లో చెప్పే ఓపిక లేక వరసగా రాసి పెడుతున్నాను. లెక్కలన్నీ సింగపూర్‌వి. మీరు వెళ్ళేది దుబాయ్ అయినా, మలేషియా అయినా పనుల వరస మాత్రం మారదు.

## 1. టికెట్ల కంటే ముందు పిల్లల లెక్క

ఆఫర్ కనబడగానే టికెట్లు కొనేసి, ఆ తర్వాత పిల్లల్ని అందులో ఇరికించాలని చూస్తాం. మేమూ మొదట అదే చేయబోయాం. ముందు ఒక్కో పిల్లకు ఒక్కో కాగితం తీసుకుని ఇవి రాయండి:

☐ చెప్పుల్లేకుండా ఎత్తు, సెంటీమీటర్లలో
☐ రాత్రి పడుకునే వేళ, లేచే వేళ, పగటి నిద్ర
☐ గొడవ చేయకుండా ఎంతసేపు నడవగలరు
☐ ఎక్కడైనా పేచీ లేకుండా తినే ఐదు పదార్థాలు
☐ ఈ ప్రయాణంలో వాళ్ళ ఒకే ఒక్క కోరిక (వాళ్ళ నోటితోనే చెప్పించండి)

వయసు ఎటూ తెలుసు, ఎత్తు కొలవడమే మరిచిపోతాం. అక్కడ సగం పనులు ఎత్తుతోనే తేలతాయి. 90 సెంటీమీటర్లకు లోపున్న పిల్లలకు, పెద్దవాళ్ళు వెంట ఉంటే మెట్రో, బస్సుల్లో టికెట్ అక్కర్లేదు. సెంటోసా దీవిలో కొండ మీంచి జారే లూజ్ బండి ఒంటరిగా నడపాలంటే 110 సెంటీమీటర్ల ఎత్తు, ఆరేళ్ళ వయసు ఉండాలి. యూనివర్సల్ స్టూడియోస్‌లో ట్రాన్స్‌ఫార్మర్స్ రైడ్‌కు పెద్దవాళ్ళతో అయితే 102, మమ్మీ రైడ్‌కు 122, గెలాక్టికా రోలర్ కోస్టర్‌కు 125 సెంటీమీటర్లు కావాలి.

మా నడిపివాడు 124. ఇంట్లో తలుపు చట్రానికి నిలబెట్టి కొలిచి, "నాన్నా, ఆ పెద్ద కోస్టర్ ఈసారికి నీకు లేదు, మమ్మీ రైడ్ మాత్రం ఉంది" అని నెల ముందే చెప్పేశాం. ఒకరోజు ఏడ్చి ఊరుకున్నాడు. అదే ఏడుపు రెండు గంటలు క్యూలో నిలబడ్డాక గేటు దగ్గర మొదలైతే ఆ రోజంతా పోయినట్టే.

ఈ కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే అందరికీ సరిపడేవి ఏవో, ఒక్కరికే సరిపడేవి ఏవో ఇట్టే తెలుస్తాయి. ఆరో అంకెలో చెప్పే రెండు జట్ల లెక్క ఇక్కడి నుంచే పుడుతుంది.

## 2. తేదీలు

- చంటిపిల్లకు ప్రయాణం మధ్యలో రెండేళ్ళు నిండుతాయేమో చూడండి. రెండేళ్ళలోపు ఒళ్ళో కూర్చోబెట్టుకోవచ్చు, నిండితే తిరుగు ప్రయాణానికి సీటు కొనాలి.
- పన్నెండేళ్ళు నిండితే విమానంలో పెద్దల ఛార్జీయే.
- దసరా, సంక్రాంతి, మే నెలల్లో ఛార్జీలు ఎక్కువ. జూన్‌లో సింగపూర్ బడులకూ సెలవులు కాబట్టి అక్కడి పార్కులూ కిటకిటలాడతాయి. మే మొదటి వారాల్లో ముగించుకోగలిగితే మంచిది.
- అక్కడ ఏడాది పొడుగునా వాన ఉంటుంది. నవంబర్ నుంచి జనవరి దాకా మరీ ఎక్కువ.
- చైనీస్ కొత్త సంవత్సరం రోజుల్లో చాలా దుకాణాలు మూసేస్తారు.

పదో తరగతి, ఇంటర్ పిల్లలుంటే కోచింగ్ వాళ్ళ క్యాలెండర్ కూడా చూడక తప్పదు. దాని గురించి నేను చెప్పేదేముంది, మీకు తెలిసిందే.

## 3. పాస్‌పోర్టులు, పేర్లు, వీసా

పెద్దల పాస్‌పోర్ట్ పదేళ్ళు నడుస్తుంది. పిల్లలది సాధారణంగా ఐదేళ్ళే. "మొన్ననేగా తీసుకున్నాం" అనుకుంటాం, తీరా చూస్తే గడువు దగ్గరపడి ఉంటుంది. సింగపూర్‌లో దిగే రోజుకు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. కాబట్టి తేదీలు అనుకున్న రోజే ఇంట్లో పాస్‌పోర్టులన్నీ తీసి గడువులు రాసుకోండి.

చిన్నపిల్లల పాస్‌పోర్ట్‌కు జనన ధ్రువపత్రం, తల్లిదండ్రులిద్దరి సంతకాలతో అనెక్సర్ డి అనే సమ్మతి పత్రం కావాలి. తండ్రి వేరే ఊళ్ళో ఉద్యోగంలో ఉంటే ఆ సంతకం ముందే తెప్పించుకోండి.

మన తెలుగువాళ్ళకు ఇంకో తంటా ఇంటిపేరు. తండ్రి పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, తల్లి పాస్‌పోర్ట్‌లో పుట్టింటి పేరు ఉంటుంది, పిల్లవాడి పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది. ఖాళీగా ఉంటే కొత్తగా తీసుకునేటప్పుడే నింపించండి. అప్పటికే తీసుకున్నదైతే పాస్‌పోర్ట్‌లో ఎలా ఉందో టికెట్‌లోనూ, వీసాలోనూ అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి. పిల్లల జనన ధ్రువపత్రాల నకళ్ళు చేతి సంచిలో ఉంచుకోండి.

మాకు టికెట్లు చేసిన ఏజెంట్ చిన్నదాని పుట్టిన తేదీలో రోజునూ నెలనూ తారుమారు చేశాడు. టికెట్ చేతికొచ్చిన పూటే చూసుకున్నాం కాబట్టి సరిచేయించగలిగాం. ఆరు టికెట్లు, ఆరు పాస్‌పోర్టులు ముందు పెట్టుకుని ఒకరు చదువుతుంటే ఇంకొకరు సరిచూడండి. పావుగంట పని.

సింగపూర్ వీసాకు అధీకృత ఏజెంట్ల ద్వారా దరఖాస్తు చేయాలి. ప్రయాణానికి ముందు 30 రోజుల్లోపు వేయడం పద్ధతి. ఒక్కొక్కరికి 30 సింగపూర్ డాలర్లు, ఏజెంట్ ఖర్చు దానికి అదనం. చంటిపిల్లకూ విడిగా వీసా ఉండాలి. వీసా రాకపోయినా ఆ రుసుము తిరిగిరాదు.

దిగడానికి మూడు రోజుల్లోపు ఎస్‌జీ అరైవల్ కార్డ్ ఆన్‌లైన్‌లో నింపాలి. ఇదీ మనిషికొకటి, చంటిపిల్లకు కూడా. అధికారిక సైట్‌లో ఇది పూర్తిగా ఉచితం. డబ్బు అడిగిన సైట్ ఏదైనా బయటికి వచ్చేయండి.

## 4. విమానం

హైదరాబాద్ నుంచి నేరుగా వెళ్ళే విమానం నాలుగున్నర గంటలకు అటూఇటూ పడుతుంది. ఎక్కడో దిగి మారే టికెట్ చవగ్గా కనిపిస్తుంది. చంటిపిల్ల ఉంటే దాని జోలికి వెళ్ళకండి. మిగిలిన డబ్బంతా ఆ మధ్య విమానాశ్రయంలో తిండికీ, మీ నడుము నొప్పికీ సరిపోతుంది.

చాలావరకు నేరుగా వెళ్ళే విమానాలు రాత్రి బయల్దేరి తెల్లారి దింపుతాయి. పిల్లలు నిద్రపోతారు కాబట్టి మంచిదే. కానీ హోటల్ గది ఇచ్చేది మధ్యాహ్నం రెండు, మూడు గంటలకు. ఆ ఏడెనిమిది గంటలు ఏం చేయాలో ఇంట్లోనే తేల్చుకోవాలి, లేకపోతే హోటల్ లాబీలో సూట్‌కేసుల మీద పడుకోవాల్సి వస్తుంది. మేం సామాను హోటల్లో పెట్టి నేరుగా బొటానిక్ గార్డెన్స్‌కు వెళ్ళాం. అక్కడే జేకబ్ బల్లాస్ పిల్లల తోట ఉంది, పొద్దున ఎనిమిదికి తెరుస్తారు, టికెట్ లేదు. సోమవారం మాత్రం సెలవు.

బుక్ చేసేటప్పుడు:

☐ చంటిపిల్లకు ఉయ్యాల దొరికే ముందు వరస సీటు ఉందా, బరువు పరిమితి ఎంత
☐ పిల్లల భోజనం, శాకాహారం ముందే చెప్పడం
☐ స్ట్రోలర్‌ను విమానం తలుపుదాకా తీసుకెళ్ళనిస్తారా
☐ పెద్దవాళ్ళకు వీల్‌చెయిర్ అడగడం (మా అత్తయ్య "నాకెందుకు" అన్నారు, దిగాక "మంచి పని చేశావు" అన్నారు)

విమానం పైకి లేచేటప్పుడు, కిందికి దిగేటప్పుడు చంటిపిల్ల నోట్లో పాలో నీళ్ళో ఉండాలి, అప్పుడు చెవులు నొప్పెట్టవు. నిద్రకోసం సిరప్ పట్టించమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. డాక్టర్‌ను అడగకుండా అలాంటి పని చేయకండి.

## 5. బస

ముందొక సంగతి. సింగపూర్‌లో ఇళ్ళను మూడు నెలలకు తక్కువగా అద్దెకివ్వడం చట్టవిరుద్ధం. ఆన్‌లైన్‌లో "సొంతింట్లా ఉంటుంది, వంటగది ఉంది" అని ఫ్లాట్లు కనిపిస్తే ఆశపడకండి. హోటలో, లైసెన్సున్న సర్వీస్డ్ అపార్ట్‌మెంటో చూసుకోవాలి. రెండో రకంలో కొన్నిటికి కనీసం ఇన్ని రాత్రులుండాలన్న షరతు ఉంటుంది.

హోటల్ గదులు చిన్నవి. ఇద్దరు పెద్దలు, ఒకరో ఇద్దరో పిల్లలు పడతారు. ఆరుగురికి రెండు గదులు తప్పవు. మధ్యలో తలుపున్న జంట గదులు అడగండి. "రిక్వెస్ట్" అని రాసి వదిలేయకుండా హోటల్‌కు మెయిల్ పెట్టి ఖాయం చేయించుకోండి.

ఎక్కడ దిగాలి? నా ఓటు లిటిల్ ఇండియాకే. ఇడ్లీ, పెరుగన్నం దొరుకుతాయన్నది ఒక కారణం. అసలు కారణం మెట్రో. లిటిల్ ఇండియా స్టేషన్‌లో రెండు లైన్లు కలుస్తాయి. ఊదారంగు లైన్‌లో హార్బర్‌ఫ్రంట్ దాకా వెళ్తే సెంటోసా పక్కనే. నీలం లైన్‌లో ఒకవైపు బొటానిక్ గార్డెన్స్, రెండోవైపు గార్డెన్స్ బై ద బే అనే పెద్ద తోటకు దిగే బేఫ్రంట్ స్టేషన్. ముఖ్యమైన మూడు చోట్లకూ లైన్ మారకుండా వెళ్ళొచ్చు. నిద్రపోతున్న పిల్లను స్ట్రోలర్‌లో తోసుకుంటూ లైన్ మారడం ఎంత పనో ఒక్కసారి చేస్తే తెలుస్తుంది. పిల్లల అత్యవసర విభాగం 24 గంటలూ ఉండే కేకే ఆసుపత్రి కూడా ఆ చుట్టుపక్కలే.

## 6. రోజు ఎలా అల్లుకోవాలి

గడియారం. సింగపూర్ మనకంటే రెండున్నర గంటలు ముందు. వారంలోపు ప్రయాణానికి చంటిపిల్లను అక్కడి టైముకు మార్చాల్సిన పనిలేదు. మా చిన్నది ఇంట్లో రాత్రి తొమ్మిదికి పడుకుని పొద్దున ఏడుకు లేస్తుంది. అక్కడి గడియారంలో అది రాత్రి పదకొండున్నర, పొద్దున తొమ్మిదిన్నర. అంటే దాన్ని ఏమాత్రం కదపకుండానే మాకు సాయంత్రాలన్నీ కలిసొచ్చాయి. రాత్రి 7:15కు తెరిచే నైట్ సఫారీ, 8:45కు గార్డెన్స్ బై ద బేలో చెట్ల ఆకారంలో కట్టిన సూపర్‌ట్రీల దీపాల ఆట రెండూ దానికి ఇంట్లో సాయంత్రం కిందే లెక్క.

ఇబ్బంది ఒక్కటే, హోటల్ టిఫిన్ పదింటికో పదిన్నరకో ముగిసిపోతుంది. ఒకరు దాని దగ్గర ఉండి, మిగతావాళ్ళు కిందికి వెళ్ళి తిని రావాలి.

రోజుకు ఒక పెద్ద పని. ఒక్కటే. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడున్నర దాకా గది, స్విమ్మింగ్ పూల్, లేదా ఏసీ ఉన్న చోటు. ఆ ఎండలో, ఉక్కలో పిల్లలను తిప్పితే సాయంత్రం పనికిరారు. వాన కూడా చాలాసార్లు ఆ వేళకే పడుతుంది.

రెండు జట్లు. ఆరుగురూ ఎప్పుడూ కలిసే ఉండాలన్న పట్టుదల వదిలేయండి. నడిపివాడికి, పెద్దదానికి సరిపడే పని చంటిదానికి శిక్ష. చంటిదానికి సరిపడేది పెద్దదానికి విసుగు. పగలు విడిపోయి సాయంత్రం కలవండి. ఎవరు ఏ జట్టో ముందురోజు రాత్రే తేల్చుకోవాలి. అదే పొద్దున్నే మాట్లాడుకుంటే గొడవవుతుంది.

మేం చేసింది ఇలా:

- 1వ రోజు: బొటానిక్ గార్డెన్స్, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ గుడి, అక్కడే భోజనం.
- 2వ రోజు: పొద్దున పూల్. సాయంత్రం గార్డెన్స్ బై ద బే. అక్కడి పిల్లల తోటలో నీళ్ళాటలు ఉచితం, తడిబట్టలు మార్చడానికి ఒక జత, తువ్వాలు పట్టుకెళ్ళండి. ఇదీ సోమవారం ఉండదు. తర్వాత దీపాల ఆట.
- 3వ రోజు: మావారు, పెద్దది, నడిపివాడు తెరిచే వేళకే సెంటోసాలోనే ఉన్న యూనివర్సల్‌కు. నేను, అత్తయ్య, చిన్నది మధ్యాహ్నం నిద్రయ్యాక సెంటోసా బీచ్‌కు. సాయంత్రం అక్కడే అందరం కలిశాం. చంటిపిల్లకు దాదాపు ఏమీ లేని ఆ పార్కుకు నా టికెట్, అత్తయ్య టికెట్ మిగిలాయి కూడా.
- 4వ రోజు: ఖాళీ. అంటే నిజంగా ఖాళీ. పెద్దమ్మాయికి కొంత డబ్బు, మెట్రో మ్యాప్ ఇచ్చి "ఈ పూట నువ్వు ఎటు తీసుకెళ్తే అటు" అన్నాం. వాళ్ళ నాన్నను హాజీ లేన్ అనే చిన్న దుకాణాల సందంతా తిప్పింది. నాలుగు రోజుల్లో అది నవ్వింది ఆ పూటే.
- 5వ రోజు: మధ్యాహ్నం తర్వాత మందాయ్‌లో జూ, అక్కడి నుంచే నైట్ సఫారీ. తిరుగుదారిలో టాక్సీ.

## 7. డబ్బు

పార్కుల్లో పెద్దల టికెట్ పదమూడేళ్ళకే మొదలవుతుంది. యూనివర్సల్‌లో నాలుగేళ్ళలోపు, మందాయ్‌లో మూడేళ్ళలోపు పిల్లలకు ఉచితం. ప్యాకేజీ ఏజెంట్ చంటిపిల్లకూ టికెట్ లెక్క కట్టాడేమో చూడండి.

విదేశీ టూర్ ప్యాకేజీ మీద టీసీఎస్, అంటే ముందుగానే పట్టుకునే ఆదాయపు పన్ను, వసూలు చేస్తారు. అది పోయే డబ్బు కాదు, రిటర్న్ వేసేటప్పుడు సర్దుబాటవుతుంది. కానీ ఆ రోజుకు చేతిలోంచి కట్టాలి. బడ్జెట్‌తో శాతం మారుతుంటుంది కాబట్టి కట్టేముందు అడగండి, ఎవరి పాన్ మీద కడుతున్నారో రాసిపెట్టుకోండి.

కార్డు గీసేటప్పుడు మెషీన్ "రూపాయల్లోనా, డాలర్లలోనా" అని అడిగితే డాలర్లే నొక్కండి. రూపాయలంటే మార్పిడి రేటు వాళ్ళిష్టం. అక్కడ కుళాయి నీళ్ళు తాగొచ్చు, మనిషికో బాటిల్ పట్టుకెళ్తే నీళ్ళ ఖర్చే ఉండదు.

ఆరోగ్య బీమా ఆరుగురికీ తీసుకోండి. బీపీ, షుగర్ ఉన్న పెద్దవాళ్ళ విషయం దాచకుండా రాయండి.

## 8. సామాను: తీసుకెళ్ళేవి, పెట్టకూడనివి

చేతి సంచిలో:

☐ చంటిపిల్లకు ఒకటిన్నర రోజుకు సరిపడా డైపర్లు, రెండు జతలు (మీకూ ఒక చొక్కా, ఒళ్ళో ఉండేది అదే కదా)
☐ పాలపొడి, ఉగ్గు (మిగతా ద్రవాలకు 100 మిల్లీలీటర్ల పరిమితి ఉంది, పాపాయి తిండికి ప్రయాణానికి సరిపడా అనుమతిస్తారు, తనిఖీలో విడిగా చూపించాలి)
☐ జ్వరం మందు, ఓఆర్ఎస్, థర్మామీటర్, డాక్టర్ చీటీ
☐ పవర్‌బ్యాంక్ (చెక్-ఇన్ పెట్టెలో పెట్టకూడదు)
☐ ఒక్కొక్కరికి పలచని స్వెటర్. బయట ఉక్క, మాల్స్‌లో వణుకు
☐ దోమల క్రీము. డెంగీ అక్కడా ఉంది

పెట్టెలో ఉండకూడనివి ఇంకా ముఖ్యం. చూయింగ్ గమ్ వద్దు. ఈ-సిగరెట్లు పూర్తిగా నిషేధం. కోడీన్ ఉన్న దగ్గు మందులకు ముందస్తు అనుమతి కావాల్సి రావచ్చు. మాంసం పచ్చళ్ళు ఇంట్లోనే ఉంచండి. ఇక ఎవరూ చెప్పనిది గసగసాలు. మనకు అవి మసాలా, అక్కడ మత్తుమందుల చట్టం కిందికొస్తాయి. అత్తయ్య చేసిన మసాలా పొడి డబ్బాను బయల్దేరే రోజు పెట్టెలోంచి తీయించాను. కాసేపు మూతి ముడుచుకున్నారు.

## 9. ఎక్కువగా జరిగే తప్పులు, వాటికి మందు

ఒకే కార్డుతో అందరూ మెట్రో ఎక్కబోవడం. మనిషికొక కార్డు ఉండాలి. మన వీసా, మాస్టర్ కార్డులు పనిచేస్తాయి కానీ ఒక్కదాన్ని ఇద్దరికి గీయడం కుదరదు. పిల్లలకు విడిగా రవాణా కార్డు కొనండి.

మెట్రోలో బిస్కట్ ప్యాకెట్ విప్పడం. తినడం, తాగడం నిషేధం, జరిమానా 500 డాలర్ల దాకా ఉంటుంది. ఎక్కేముందే తినిపించండి.

యాప్‌లో మామూలు కారు పిలవడం. 135 సెంటీమీటర్లలోపు పిల్లలకు కార్లలో ప్రత్యేక సీటు ఉండాలి, యాప్ కార్లకూ ఈ నియమం వర్తిస్తుంది. లేకపోతే డ్రైవర్ ఎక్కించుకోడు. మీటర్ టాక్సీలకు మినహాయింపు ఉంది. ఆరుగురైతే మ్యాక్సీ క్యాబ్ అడగండి. చట్టం ఒప్పుకున్నా చంటిపిల్లను ఒళ్ళో గట్టిగా పట్టుకుని వెనక సీట్లోనే కూర్చోండి.

రెండు రోజులకే పిల్లలు తిండి మానేయడం. రోజుకు ఒక పూట తెలిసిన తిండి పెట్టండి. మిగతా పూటలు కొత్తవి చూడొచ్చు. అక్కడి చికెన్ రైస్‌లో కారం ఉండదు, నడిపివాడు మూడుసార్లు తిన్నాడు.

పెద్దపిల్లకు చంటిదాన్ని అప్పగించి ఊరుకోవడం. ఇది నా తప్పే. రెండో రోజు సాయంత్రానికి "నేను ఆయాగా వచ్చానా?" అంది. పూటకు అరగంట అని లెక్క పెట్టుకున్నాక సర్దుకుంది.

తప్పిపోతే ఏం చేయాలో చెప్పకపోవడం. నడిపివాడి జేబులో మా నంబర్, హోటల్ పేరు రాసిన చీటీ. చంటిదాని చేతికి నంబర్ రాసిన పట్టీ. పెద్దదాని ఫోన్‌లో సొంత డేటా. ప్రతి చోటా దిగగానే "తప్పిపోతే ఇక్కడికి రావాలి" అని ఒక గుర్తు చూపించండి. పోలీసులకు 999, అంబులెన్స్‌కు 995.

## 10. తిరుగు ప్రయాణం రోజు

విమానం రాత్రికైనా హోటల్ గది మధ్యాహ్నానికే ఖాళీ చేయాలి. సామాను హోటల్లో ఉంచి, ఒక జత బట్టలు, డైపర్లు మాత్రం పైకి తీసిపెట్టుకోండి. మేం నాలుగింటికల్లా చాంగీ విమానాశ్రయం చేరి, అక్కడే ఉన్న జ్యువెల్ మాల్‌కు వెళ్ళాం. నలభై మీటర్ల జలపాతం కింద చిన్నది గంటసేపు ఆడింది, అత్తయ్య బల్ల మీద కునుకు తీశారు.

వంద డాలర్లకు పైగా కొన్నవాటి మీద పన్ను వాపసు కావాలంటే ఆ వస్తువులు పెట్టెలో వేసి పంపేముందే పని చూసుకోవాలి, సూట్‌కేస్ వెళ్ళిపోయాక చూపించమంటే చేసేదేమీ ఉండదు. తర్వాత భోజనం, పిల్లల ముఖాలు కడగడం, రాత్రి బట్టలు మార్చడం, అప్పుడు లోపలికి. మా ముగ్గురిలో ఇద్దరు విమానం కదలకముందే నిద్రపోయారు. మూడో ఆవిడ పద్నాలుగేళ్ళది, శంషాబాద్‌లో దిగేదాకా సినిమాలే చూసింది.